అలీ సామీ యెన్ స్టేడియం: నేల ధర ముందు ఓడిన మైదానం

ఇస్తాంబుల్‌లోని గలతసరాయ్ ఫుట్‌బాల్ క్లబ్‌కు 1964 నుంచి 2011 జనవరి దాకా, మధ్యలో విరామాలున్నా, సొంత మైదానం అంటే అలీ సామీ యెన్ స్టేడియమే. మాంచెస్టర్ యునైటెడ్‌ను టోర్నీ నుంచి ఇంటికి పంపింది అక్కడే. మిలాన్, రియల్ మాడ్రిడ్ ఓడిందీ అక్కడే. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్లు, ఆఫీసులు ఉన్న టవర్లు నిలబడ్డాయి. స్టేడియం ఎందుకు పోయిందని అడిగితే పాతబడిపోయిందనే జవాబు ఎక్కువగా వినిపిస్తుంది. అందులో నిజం సగమే. అంతకంటే పాత మైదానాలను టర్కీలోనే కూల్చి, అదే చోట మళ్లీ కట్టుకున్నారు. అలీ సామీ యెన్ విషయంలో తీర్పు చెప్పినవి రెండు లెక్కలు: కింద ఉన్న నేల ఎవరిది, దాని ధర ఎంత. ఊరికి మరీ దూరమని ఆ స్థలం ఇరవై ఏళ్లు పనికిరాలేదు. ఊరే నడిచి దాని దగ్గరికొచ్చాక, అక్కడ ఫుట్‌బాల్ ఆడటం ఖరీదైన వ్యవహారమైపోయింది.

అసలు గలతసరాయ్ ఊరి బయట స్థలం వెతుక్కోవాల్సి రావడానికి కారణం మరో స్టేడియం కూల్చివేత. ఇస్తాంబుల్ యూరప్ వైపు భాగంలో తొలినాళ్ల ప్రధాన మైదానం తక్సిమ్ స్టేడియం. పేరుకు స్టేడియం గానీ, అది ఒట్టోమన్ కాలపు ఫిరంగి దళం బారకాసుల లోపలి ఆవరణ. 1921లో దాన్ని ఆటలకు తెరిచారు. మట్టి నేల, సుమారు 8 వేల మందికి చోటు. టర్కీ జాతీయ జట్టు తొలి మ్యాచ్ 1923 అక్టోబర్ 26న అక్కడే రొమేనియాతో జరిగి 2-2తో డ్రా అయింది. ఆ తర్వాత మూడు రోజులకు రిపబ్లిక్ ప్రకటన వెలువడింది. నగర ప్రణాళిక కోసం వచ్చిన ఫ్రెంచి నిపుణుడు ఆన్రీ ప్రోస్ట్ గీసిన నక్షా ప్రకారం 1940 ప్రాంతంలో ఆ బారకాసులను తొలగించి పార్కు వేశారు. 2013లో ఆందోళనలతో ప్రపంచమంతటికీ తెలిసిన గెజి పార్కు అదే. మైదానాన్ని తీసి మరో అవసరానికి వాడటం ఇస్తాంబుల్‌కు కొత్తేమీ కాదన్నమాట.

తక్సిమ్ పోతుందని తెలిసినప్పటి నుంచే, అంటే 1930లలోనే, గలతసరాయ్ వేరే స్థలం కోసం వెతుకుతోంది. దొరికింది మెజిదియెకోయ్. తక్సిమ్‌కు ఉత్తరాన నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, అప్పటి ఊరి పొలిమేర అవతల, మల్బరీ చెట్లున్న తోట. స్థలం ప్రభుత్వానిది. క్లబ్‌కు అది నామమాత్రపు లీజు మీద వచ్చింది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాతి డెబ్బై ఏళ్ల కథ సులువుగా అర్థమవుతుంది. క్లబ్ చేతిలో ఉన్నది వినియోగ హక్కు మాత్రమే, నేల మీద యాజమాన్యం కాదు.

1940లలో వేసిన మొదటి ప్రణాళిక ఘనంగానే ఉంది. సైకిల్ పందేల ట్రాక్‌తో సహా పెద్ద స్టేడియం కట్టాలనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. టర్కీ పోరులోకి దిగకపోయినా సామగ్రికి కటకటే. చివరికి తేలింది చిన్న గ్యాలరీలు, మట్టి మైదానం. దాన్నీ సరిగా వాడుకోలేకపోయారు. ఆ గుట్ట మీద గాలి విపరీతం, పైకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో ఆడేవాళ్లకే తెలిసేది కాదు. పైగా జనం అక్కడికి చేరడానికి రవాణా లేదు. టిక్కెట్ల డబ్బు మీద బతికే క్లబ్‌కు జనం రాని మైదానం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 1947లో బోస్ఫరస్ ఒడ్డున, దోల్మాబాహ్చె ప్యాలెస్ వెనుక ఇనోను స్టేడియం తెరుచుకున్నాక పెద్ద మ్యాచ్‌లన్నీ అటు మళ్లాయి. మెజిదియెకోయ్ స్థలం పేరుకే గలతసరాయ్‌ది.

ఇప్పుడు అందరికీ గుర్తున్న కాంక్రీటు స్టేడియం పని 1964కు గానీ పూర్తి కాలేదు. 1905లో క్లబ్‌ను స్థాపించిన విద్యార్థుల నాయకుడు, తొలి అధ్యక్షుడు అలీ సామీ యెన్ పేరు దానికి పెట్టారు. ఆయన 1951లోనే కన్నుమూశారు. 1964 డిసెంబర్ 20న టర్కీ, బల్గేరియా జాతీయ జట్ల మ్యాచ్‌తో ప్రారంభం జరిగింది. స్కోరు 0-0. ఆ రోజు చరిత్రలో మిగిలింది మాత్రం స్కోరు వల్ల కాదు. పట్టే సంఖ్యను మించి జనాన్ని లోపలికి వదిలారు. గ్యాలరీలో తొక్కిసలాట జరిగి పదుల సంఖ్యలో గాయపడ్డారు.

అప్పటి స్టేడియాలన్నిటిలోనూ ఉన్న జబ్బే అది. నిలబడి చూసే మెట్ల గ్యాలరీలో ఒక్కొక్కరికీ ఒక చోటంటూ ఉండదు. ఏ మూలకు ఎంతమంది చేరారో గేటు దగ్గర లెక్కతో తెలియదు. వెనుకవాళ్లు ఒక అడుగు ముందుకేస్తే ఆ ఒత్తిడి మెట్టు మెట్టుకూ పెరుగుతూ అడుగున ఉన్న కంచె మీద పడుతుంది. అందుకే ఇలాంటి గ్యాలరీలలో మధ్య మధ్య ఇనుప అడ్డకడ్డీలు పెడతారు. వాటి పని ఆ ఒత్తిడిని ముక్కలుగా విడగొట్టడం. కడ్డీల మధ్య దూరం ఎక్కువైనా, వాటి పునాది బలహీనంగా ఉన్నా, టిక్కెట్లు ఎక్కువ అమ్మినా పరిణామం ఒకటే. ఇంత తెలిసీ ప్రారంభం రోజునే అది జరగడం నిర్వహణ గురించి చాలా చెబుతుంది.

ఆ నిర్వహణ 1970లలో ఇంకా దిగజారింది. పచ్చిక, డ్రైనేజీ, దీపాలు చూసే దిక్కు లేకపోయింది. జట్టు ఏళ్ల తరబడి మళ్లీ ఇనోనులోనే ఆడింది. అలీ సామీ యెన్ నిజంగా గలతసరాయ్ ఇల్లుగా మారింది 1980ల ఆరంభంలో, పచ్చిక మైదానంతో తిరిగి తెరుచుకున్నాకే. అంటే అరవై ఐదేళ్ల పైచిలుకు చరిత్ర ఉన్న స్థలంలో జట్టు స్థిరంగా ఆడింది సుమారు ముప్పై ఏళ్లే.

ఆ ముప్పై ఏళ్లే దానికి పేరు తెచ్చాయి. స్టేడియం నాలుగు భాగాలుగా ఉండేది. పొడుగు వైపుల్లో ఒకటి కపాలి, అంటే పైకప్పున్న స్టాండు. దానికి ఎదురుగా సీట్ల నంబర్లతో టిక్కెట్లు అమ్మే నుమరాలి. రెండు గోల్‌పోస్టుల వెనుక ఎస్కి అచిక్, యెని అచిక్, అంటే పాత, కొత్త ఓపెన్ స్టాండ్లు. అభిమానుల గుండెకాయ కపాలి. డప్పులు, నినాదాలు అక్కడ మొదలై మిగతా మూడు వైపులకూ పాకేవి. పైకప్పు ఉండటం వల్ల అరుపు ఆకాశంలోకి పోకుండా మైదానం మీదికి తిరిగొచ్చేది. కానీ అసలు కిటుకు పైకప్పు కాదు. ఆ స్టేడియంలో రన్నింగ్ ట్రాక్ లేదు.

ట్రాక్ లేకపోతే ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడొచ్చు. ప్రామాణికమైన 400 మీటర్ల ట్రాక్‌లో తిన్నని భాగం 84.39 మీటర్లు, రెండు చివర్లా ఉండే అర్ధవృత్తాల లోపలి వ్యాసార్ధం 36.5 మీటర్లు. లోపల పొడవు 157 మీటర్ల పైమాటే. అందులో 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం పెడితే ఒక్కో గోల్‌పోస్టు వెనుక 26 మీటర్ల ఖాళీ మిగులుతుంది. దానికి ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్ల చొప్పున కలిపితే, గోల్ గీత నుంచి మొదటి ప్రేక్షకుడికి దూరం 36 మీటర్లు. ట్రాక్ లేని పాత స్టేడియంలో అదే దూరం పదిలోపే ఉండగలదు. ఒక చోటి నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. జనం బారుగా నిలబడతారు కాబట్టి తగ్గుదల అంతకంటే కాస్త తక్కువే ఉంటుంది. అయినా గోల్‌కీపర్ చెవికి అది వేరే లోకం.

దీని ఫలితం మొదట తెలిసింది స్విట్జర్లాండ్ జట్టు నూషాటెల్ జామాక్స్‌కు. 1988 యూరోపియన్ కప్‌లో తమ ఊళ్లో 3-0తో గెలిచి వచ్చిన ఆ జట్టు నవంబర్ 9న అలీ సామీ యెన్‌లో 5-0తో ఓడిపోయింది. తంజు చోలాక్ మూడు గోల్స్, ఊర్ తుతునెకెర్ రెండు గోల్స్ కొట్టారు. గ్యాలరీ నుంచి నాణేలు విసిరారన్న ఫిర్యాదుతో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ విచారణ జరిపింది. చివరికి ఫలితాన్ని ఉంచి, తర్వాతి హోమ్ మ్యాచ్‌లను వేరే ఊళ్లకు మార్చింది. మొనాకోతో క్వార్టర్‌ఫైనల్ రెండో లెగ్ (రెండు మ్యాచ్‌ల పోటీలో రెండోది) జర్మనీలోని కొలోన్‌లో, రొమేనియా జట్టు స్టెయావాతో సెమీఫైనల్ రెండో లెగ్ ఇజ్మీర్‌లో జరిగాయి. ఆ గ్యాలరీ జట్టును గెలిపించడమే కాదు, జట్టు మెడకు గుదిబండ కూడా అయిందనడానికి ఇదే తొలి పెద్ద రుజువు.

ప్రపంచానికి తెలిసిన పేరు 1993లో వచ్చింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-3తో డ్రా చేసుకున్న గలతసరాయ్, నవంబర్ 3న ఇస్తాంబుల్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0 దగ్గర ఆపేసి, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన జట్టుగా ముందుకెళ్లింది. ఆ ఇంగ్లండ్ క్లబ్‌కు 'నరకానికి స్వాగతం' అన్న బ్యానర్లు ఎదురయ్యాయి. ఆట ముగిశాక రిఫరీతో వాదించిన యునైటెడ్ ఆటగాడు ఎరిక్ కాంటోనాకు రెడ్ కార్డు, ఆపై టన్నెల్లో పోలీసులతో పెనుగులాట, నాలుగు యూరప్ మ్యాచ్‌ల నిషేధం. అప్పటి నుంచి స్టేడియానికి నరకం అన్న ముద్దుపేరు స్థిరపడింది. క్లబ్ దాన్ని గర్వంగానే మోసింది. అయితే 2000 ఏప్రిల్‌లో లీడ్స్ యునైటెడ్‌తో సెమీఫైనల్‌కు ముందు రాత్రి తక్సిమ్ ప్రాంతంలో ఇద్దరు లీడ్స్ అభిమానులు కత్తిపోట్లకు బలయ్యారు. అది స్టేడియంలో జరిగిన ఘటన కాదు, నిజమే. కానీ ఆ తర్వాత కూడా ఆ పేరును సరదాగా వాడటం అంత తేలికగా మింగుడుపడే విషయం కాదు.

ఆటపరంగా చూస్తే ఆ సీజనే శిఖరం. 1999 నవంబర్ 3న ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లో మిలాన్ చేతిలో 1-2తో వెనుకబడ్డ జట్టు, చివరి నిమిషాల్లో హకాన్ షుకుర్ గోల్‌తో, ఉమిత్ దవాలా పెనాల్టీతో 3-2గా గెలిచింది. ఆ రెండు గోల్స్ లేకపోతే జట్టు యూరప్ నుంచి అక్కడికక్కడే అవుట్. అవి పడటంతో గ్రూప్‌లో మూడో స్థానం, యూరప్‌లో రెండో స్థాయి టోర్నీ అయిన యూఈఎఫ్‌ఏ కప్‌లోకి ప్రవేశం దక్కాయి. 2000 మే 17న కోపెన్‌హాగన్‌లో ఆర్సెనల్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు ఎత్తింది. యూరప్ స్థాయి కప్పు గెలిచిన తొలి టర్కీ జట్టు అదే. మరుసటి ఏడాది ఏప్రిల్ 3న రియల్ మాడ్రిడ్ మీద 0-2 నుంచి లేచి 3-2తో గెలిచిన రాత్రి కూడా ఈ మైదానానిదే. రెండో లెగ్‌లో 3-0తో ఓడి ఇంటిదారి పట్టింది గానీ, ఇస్తాంబుల్‌లో దాన్ని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ.

ఇంత పేరొచ్చిన కాలంలోనే స్టేడియం లోపల చోటు తగ్గిపోయింది. పాత రోజుల్లో సుమారు 35 వేల మంది పట్టేవారు. 1990లలో గ్యాలరీలన్నిటా సీట్లు బిగించాక ఆ సంఖ్య 22 నుంచి 25 వేల మధ్యకు దిగింది. లెక్క సూటిగానే ఉంటుంది. బ్రిటన్ భద్రతా మార్గదర్శకం ప్రకారం, అన్నీ సరిగ్గా ఉన్న గ్యాలరీలో 10 చదరపు మీటర్లకు గరిష్ఠంగా 47 మంది నిలబడొచ్చు. సీటుకు అర మీటరు వెడల్పు, కాళ్లకు కలిపి 80 సెంటీమీటర్ల లోతు ఇస్తే అదే జాగాలో పట్టేది 25 మందే. నిలబడటానికి కట్టిన మెట్టు లోతు 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాని మీద సీట్లు వేయాలంటే రెండు మెట్లకు ఒక వరుసే కుదురుతుంది. అసలు చిక్కు అక్కడే. మెట్లు మార్చకుండా సీట్లు మాత్రమే బిగిస్తే చోటు సగానికి పడిపోతుంది. నుమరాలిలో ముందే సీట్లుండబట్టి మొత్తం మీద నష్టం మూడో వంతు దగ్గర ఆగింది.

టిక్కెట్ల ఆదాయం పెరగాల్సిన సమయంలో సీట్లు తగ్గాయి. కంపెనీలకు అద్దెకిచ్చే బాక్సులు లేవు, పార్కింగ్ లేదు, మ్యాచ్ రోజు చుట్టుపక్కల రోడ్లన్నీ స్తంభించేవి. సరే, అదే చోట పెద్దది కట్టొచ్చు కదా? 1990ల చివరి నుంచే ఆ ప్రయత్నాలు నడిచాయి. అడ్డొచ్చింది ఒకటి డబ్బు, రెండు కొలతలు. స్థలం మొత్తం సుమారు మూడున్నర హెక్టార్లు, అంటే మన లెక్కలో ఎనిమిదిన్నర ఎకరాలు. 50 వేల సీట్ల స్టేడియానికి మైదానం, దాని చుట్టూ ఖాళీతో కలిపి 120 మీటర్లకు 80 మీటర్లు కావాలి. నాలుగు వైపులా 40 మీటర్ల స్టాండు, మరో 10 మీటర్ల నడవా వేసుకుంటే 220కి 180 మీటర్లు, అంటే దాదాపు నాలుగు హెక్టార్లు. బయట జనం నిలబడే జాగా, అంబులెన్సుల దారి ఇంకా కలపలేదు. ఒక పక్క ఎత్తు మీద పోయే రింగ్‌రోడ్డు వంతెన, మిగతా వైపుల కట్టడాలు. జరగడానికి చోటు లేదు.

ఇదే కాలంలో ఊళ్లోని పోటీ క్లబ్ ఫెనర్‌బాహ్చె తన షుక్రు సరాజోలు స్టేడియాన్ని 1999 నుంచి 2006 మధ్య ఒక్కో స్టాండు చొప్పున కూల్చి కట్టి 50 వేలకు తెచ్చింది. ఒక వైపు పని నడుస్తుంటే మిగతా మూడు వైపులా జనం కూర్చున్నారు. ఆదాయం ఆగలేదు. మరో పోటీ క్లబ్ బెషిక్తాష్ కూడా 2013లో ఇనోనును కూల్చి, 2016లో అదే చోట కొత్తది తెరిచింది. ఇల్లు మారింది మూడు పెద్ద క్లబ్బుల్లో గలతసరాయ్ ఒక్కటే.

మధ్యలో ఒక విఫల ప్రయోగం ఉంది. అలీ సామీ యెన్‌ను పడగొట్టి కడతామన్న ఉద్దేశంతో 2003-04 సీజన్‌కు జట్టు ఊరి పడమటి అంచున ఉన్న అతాతుర్క్ ఒలింపిక్ స్టేడియానికి తరలింది. ఒలింపిక్స్ సాధించాలన్న ఆశతో కట్టిన 75 వేలకు పైబడిన సీట్ల కట్టడం అది. పైన చెప్పిన ట్రాక్ లెక్క అక్కడ అక్షరాలా వర్తిస్తుంది. దానికి గాలి, ప్రయాణం కష్టాలు తోడు. ఇరవై వేల మంది వచ్చినా ఖాళీగానే కనిపించే చోటు. ఆ సీజన్‌లో జట్టు లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచింది. ఓటమికి మైదానమే కారణమనడం అతిశయోక్తి, జట్టులో వేరే లోపాలూ ఉన్నాయి. కొత్త నిర్మాణానికి డబ్బు కుదరలేదు. 2004లో మళ్లీ పాత గూటికే చేరింది.

ఈలోగా మెజిదియెకోయ్ రూపం పూర్తిగా మారిపోయింది. 1973లో బోస్ఫరస్ మీద మొదటి వంతెన, దాన్ని కలిపే రింగ్‌రోడ్డు వచ్చాయి. ఆ రోడ్డు మెజిదియెకోయ్ మీదుగానే పోతుంది. 2000లో మెట్రో వచ్చింది. 2008లో మెట్రోబస్, అంటే ప్రత్యేక దారిలో నడిచే బస్సు వచ్చింది. ఉత్తరాన లెవెంట్, మస్లాక్ వైపు బ్యాంకుల టవర్లు బారులు తీరాయి. స్టేడియం పరిసరాల్లోనే 1930ల నాటి ప్రభుత్వ లిక్కర్ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్రెంచి ఆర్కిటెక్ట్ రాబర్ మాలే-స్తెవాన్స్ గీసిన కట్టడం. దాని ఆవరణలోనూ టవర్లే లేచాయి. మల్బరీ తోటగా ఉన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని ఎనిమిదిన్నర ఎకరాలు ఇప్పుడు నగరంలో బిల్డర్లందరి కళ్లూ పడే ముక్క.

అప్పుడు కుదిరిన ఒప్పందం మన ఊళ్లలో పాత ఇంటిని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కిచ్చే పద్ధతిలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఇంట్లో ఉన్నది అద్దెదారు, ఓనరు ప్రభుత్వం. గలతసరాయ్ మెజిదియెకోయ్ మీద తన వినియోగ హక్కు వదులుకుంటుంది. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ తోకి ఆ స్థలాన్ని టెండరులో బిల్డర్లకు ఇస్తుంది. ఆ రాబడి భరోసాతో ఉత్తరాన సెయ్‌రాన్‌తెపెలో కొత్త స్టేడియం కడుతుంది. క్లబ్‌కు అక్కడ దీర్ఘకాలిక వినియోగ హక్కు వస్తుంది. క్లబ్ జేబులోంచి నిర్మాణ ఖర్చు పెట్టకుండానే సీట్లు రెట్టింపు దాటాయి, కాబట్టి ఆర్థికంగా ఇది చెడ్డ బేరం కాదు. కానీ నేల విలువ పెరుగుదలలో సింహభాగం ఎటు పోయిందో, మ్యాచ్‌ల విషయంలో క్లబ్ ఎవరి దయ మీద ఆధారపడిందో ఈ ఏర్పాటులోనే రాసి ఉంది. కొత్త స్టేడియం కూడా క్లబ్ సొంతం కాదు.

సెయ్‌రాన్‌తెపె పని 2007 డిసెంబర్ 13న మొదలైంది. అలీ సామీ యెన్‌లో ఆఖరి మ్యాచ్ 2011 జనవరి 11న టర్కిష్ కప్‌లో బెయ్‌పజారి షెకెర్‌స్పోర్ అనే చిన్న జట్టుతో జరిగింది. గలతసరాయ్ 3-1తో గెలిచింది. యూఈఎఫ్‌ఏ కప్పు జట్టులో ఆడిన ఘోర్ఘె హాజీ అప్పుడు కోచ్. నాలుగు రోజుల తర్వాత, జనవరి 15న, అయాక్స్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌తో 52 వేల సీట్ల కొత్త స్టేడియం తెరుచుకుంది. కట్టించిన ప్రభుత్వానికి అధిపతిగా వచ్చిన ప్రధాని ఎర్దోగాన్‌కు గ్యాలరీ నుంచి ఈలలు, కేకలతో నిరసన ఎదురైంది. ఆయన మధ్యలోనే వెళ్లిపోయారు. పాత స్టేడియం కూల్చివేత ఆ ఏడాదే జరిగింది.

ఖాళీ అయిన స్థలంలో తోరున్ సెంటర్ పేరుతో టవర్లు లేచాయి. 2014 సెప్టెంబర్ 6న నిర్మాణంలో ఉన్న ఒక టవర్‌లో కూలీలను తీసుకెళ్లే లిఫ్టు 32వ అంతస్తు నుంచి పడిపోయి 10 మంది చనిపోయారు. సోమా బొగ్గు గనిలో 301 మంది ప్రాణాలు పోయి నాలుగు నెలలైనా కాలేదు. పనిచోట్ల భద్రత మీద దేశమంతా నిరసనలు మళ్లీ రేగాయి. స్టేడియం చరిత్ర రాసేవాళ్లు చాలామంది 2011 దగ్గరే ఆగిపోతారు. ఆ నేల చరిత్ర రాస్తే ఈ పది మందిని వదలడం కుదరదు.

పడగొట్టిన పాత మైదానాలన్నీ టవర్లే కాలేదు. ట్రబ్జోన్‌లో 1951 నాటి హుసెయిన్ అవ్నీ అకెర్ స్టేడియం స్థలం పార్కు అయింది, బుర్సాలో పాత అతాతుర్క్ స్టేడియం స్థలమూ అంతే. జట్టును పాత చోటు నుంచి వేరే చోటికి పంపే ధోరణి మాత్రం రెండు చోట్లా ఒకటే. మెజిదియెకోయ్‌లో పార్కు ఊసు గట్టిగా రాకపోవడానికి కారణం తెలిసిందే: కొత్త స్టేడియం బిల్లు కట్టాల్సింది ఆ నేలే.

పేరు విషయానికొస్తే, సెయ్‌రాన్‌తెపె స్టేడియం మొదట టర్క్ టెలికామ్ పేరుతో మొదలై, 2021లో నెఫ్, 2023లో రామ్స్ అన్న స్పాన్సర్ల పేర్లు మార్చుకుంటూ వస్తోంది. ఆ ప్రాంగణానికి క్లబ్ పెట్టుకున్న పేరు అలీ సామీ యెన్ క్రీడా సముదాయం.